ఉత్తరాంధ్ర కాలేజీల్లో ఫోరెన్సిక్ డీఎన్ఏ ల్యాబ్: ముందు గదులు, ఆ తర్వాతే మెషిన్లు

క్లుప్తంగా: 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాక ఫోరెన్సిక్ పని తెలిసినవారి అవసరం పెరిగింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బయోటెక్నాలజీ, జువాలజీ, లైఫ్ సైన్సెస్ చదివేవారికి ఇది కొత్త దారి. అయితే డీఎన్ఏ ల్యాబ్ అనగానే చర్చంతా కోటి రూపాయల మెషిన్ చుట్టూ తిరుగుతోంది. బోధన ల్యాబ్ నిలబడేది మాత్రం గదుల అమరిక, చుక్కలు కొలిచి వేసే పిపెట్ పట్టే చేతి అలవాటు, ఏటా కొనాల్సిన రియేజెంట్లు (పరీక్ష రసాయనాలు), ఆగని కరెంటు మీద. ఇవి కుదిరితే పెద్ద మెషిన్ లేకుండానే సిలబస్‌లో చాలా భాగం నేర్పవచ్చు. ఎలాగో, ఎక్కడిదాకా నేర్పవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఈ చర్చ ఇప్పుడెందుకు?

సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. ఆ పనంతా వీడియో తీయాలి. ఇది ఏ తేదీ నుంచి తప్పనిసరో ఐదేళ్లలోపు నోటిఫై చేసే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. అంటే లెక్క 2029 దాకా సాగుతుంది. కేంద్ర కేబినెట్ 2024 జూన్‌లో ఫోరెన్సిక్ సదుపాయాల పెంపునకు 2,254.43 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. దాని గడువు కూడా 2028–29తోనే ముగుస్తుంది. 2024లో డిగ్రీలో చేరినవారు పీజీ పూర్తిచేసి బయటికొచ్చే సమయం సరిగ్గా అదే.

రెండో కారణం కోర్టుల నుంచి వచ్చింది. ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో 2022 నవంబరులో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, డీఎన్ఏ నివేదిక ఉన్నా దాన్ని నమ్మలేకపోయింది. నమూనాలు కొన్ని రోజులు పోలీసు మాల్‌ఖానాలో (స్వాధీనం చేసుకున్న వస్తువులు ఉంచే గదిలో) పడి ఉండటం, ఆ నివేదికకు వచ్చిన పద్ధతిని కింది కోర్టులు పరిశీలించకపోవడం అందుకు కారణాలు. 2025 జూలైలో తమిళనాడుకు చెందిన మరో కేసులో అదే కోర్టు ఒక అడుగు ముందుకు వేసి, డీఎన్ఏ నమూనాలు సేకరించాక 48 గంటల్లోగా ల్యాబ్‌కు చేర్చాలని, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో రిజిస్టర్ ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది.

ఆ 48 గంటలను ఇచ్ఛాపురం నుంచి లెక్కపెడితే విషయం అర్థమవుతుంది. అక్కడి నుంచి విశాఖలోని ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్‌కే 200 కిలోమీటర్ల పైమాట. రాజధాని ప్రాంతానికి పంపాలంటే ఒక రాత్రి ప్రయాణం. అందులో పంచనామా, ఆసుపత్రిలో సేకరణ, మరక ఆరబెట్టడం, సీలు వేయడం, లేఖ తయారీ, కానిస్టేబుల్‌ను పంపడం అన్నీ ఇమడాలి. ఎక్కడో ఒకచోట కవరు తడిస్తే, లేబుల్ మీద సమయం రాయడం మరిస్తే, చివర ఉన్న మెషిన్ ఎంత ఖరీదైనదైనా ఏమీ చేయలేదు.

ఈ రెండు జిల్లాలకు చదువు పునాది లేకపోలేదు. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. విజయనగరంలో పోలీసు శిక్షణ కళాశాల కూడా ఉంది. వైద్యుడు, పోలీసు, ల్యాబ్ విద్యార్థి ముగ్గురూ గంటన్నర ప్రయాణంలో దొరికే చోటు రాష్ట్రంలో అన్ని జిల్లాలకూ ఉండదు.

ఒక మరక ఎలా నంబరవుతుంది

బోధన ల్యాబ్‌లో ఏమేం ఉండాలో తెలియాలంటే ముందు పని తెలియాలి. ఒక చొక్కా గుడ్డ మీద ఎండిన గోధుమరంగు మరక ఉందనుకుందాం. మొదటి ప్రశ్న: ఇది రక్తమేనా? ఫినాల్ఫ్తలీన్‌తో చేసే కాస్ల్–మేయర్ పరీక్షలో దూది గులాబీ రంగుకు మారితే రక్తం కావచ్చు. కావచ్చు అని మాత్రమే. మేక రక్తమైనా అదే రంగు వస్తుంది. కొన్ని కూరగాయల్లోని పెరాక్సిడేజ్ ఎంజైమ్ కూడా మోసం చేయగలదు. అందుకే చుక్కలు వేసే వరసకు, రంగు వచ్చిన క్షణానికి ప్రాముఖ్యం ఉంటుంది. మాంసం కొట్టు నుంచి తెచ్చిన కొద్ది రక్తంతో, ఒక ముల్లంగి ముక్కతో ఈ పాఠం మొత్తం చెప్పేయవచ్చు.

తర్వాత మరకలో నుంచి చిన్న ముక్క కత్తిరించి ట్యూబులో వేస్తారు. ప్రొటీనేజ్ కే అనే ఎంజైమ్ కలిపి 56 డిగ్రీల వేడిలో ఉంచితే కణాలు విడిపోయి డీఎన్ఏ బయటికొస్తుంది. దాన్ని శుభ్రం చేయడానికి దారులు చాలా. పాతకాలపు ఫినాల్–క్లోరోఫాం పద్ధతి బాగా పనిచేస్తుంది. కానీ చర్మాన్ని కాల్చే రసాయనం కాబట్టి ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. కీలెక్స్ పూసలతో మరిగించే పద్ధతి చవక, గంటలో అయిపోతుంది. సిలికా కాలమ్‌ల కిట్ శుభ్రంగా ఉంటుంది, ఖర్చు ఎక్కువ. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి కణాలను, వీర్యకణాలను విడదీయడానికి ఇంకో మెట్టు ఉంది. వీర్యకణం తల గట్టిది. డీటీటీ అనే రసాయనం పడితేగానీ తెరుచుకోదు. ఈ తేడానే వాడుకుని ముందు ఒకరివి, తర్వాత ఇంకొకరివి బయటికి తీస్తారు. పోక్సో కేసుల నివేదికల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క మెట్టే కాబట్టి, సిలబస్‌లో దీనికి ఒక పేరా కంటే ఎక్కువ చోటు ఉండాలి.

ఆ తర్వాత డీఎన్ఏ ఎంత వచ్చిందో కొలవాలి. మామూలు కాలేజీల్లో స్పెక్ట్రోఫొటోమీటర్‌తో కొలుస్తారు. అది చెప్పే అంకెలో మనిషిది ఎంతో, మరక మీద పెరిగిన బాక్టీరియాది ఎంతో తేలదు. మనిషి డీఎన్ఏను మాత్రమే లెక్కపెట్టాలంటే, డీఎన్ఏకు నకళ్లు తీస్తూనే కొలిచే రియల్‌టైమ్ పీసీఆర్ కావాలి. డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న మాటలను లెక్కపెట్టే ఎస్‌టీఆర్ కిట్లకు సాధారణంగా అర నానోగ్రాము నుంచి ఒక నానోగ్రాము సరిపోతుంది. మనిషి కణం ఒక్కోదానిలో సుమారు 6.6 పికోగ్రాముల డీఎన్ఏ ఉంటుంది. అంటే ఒక నానోగ్రాముకు దాదాపు 150 కణాలు. కంటికి కనిపించని ఈ పరిమాణాన్ని విద్యార్థి మనసులో ముద్రించుకుంటే, గ్లవ్స్ ఎందుకు మార్చాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక పీసీఆర్, అంటే డీఎన్ఏకు నకళ్లు తీసే మెట్టు. సుమారు 95 డిగ్రీల వేడిలో డీఎన్ఏ పోగులు విడిపోతాయి. 60కి అటూఇటూ దిగగానే ప్రైమర్లనే చిన్న డీఎన్ఏ ముక్కలు అతుక్కుంటాయి, తర్వాత కొత్త పోగు పెరుగుతుంది. ఇలా 28 సార్లు తిప్పితే, లెక్క ప్రకారం ఒక్క ముక్క 26 కోట్లకు పైగా నకళ్లవుతుంది. కాపీ చేసేది మొత్తం డీఎన్ఏను కాదు. నాలుగక్షరాల మాట మళ్లీ మళ్లీ వచ్చే కొన్ని చోట్లను మాత్రమే. ఒక చోట ఒకరికి తండ్రి నుంచి 11 సార్లు, తల్లి నుంచి 14 సార్లు ఆ మాట వస్తే వారి నంబరు 11, 14. ఇలాంటి చోట్లు అమెరికా డేటాబేస్‌లో మొదట 13 ఉండేవి, 2017 నుంచి 20 చేశారు. చివరి నివేదిక అంటే ఈ జంట నంబర్ల పట్టికే.

గోడలే అసలు పరికరం

ఒక్క ట్యూబులో 26 కోట్ల నకళ్లు ఉన్నాయంటే, ఆ ట్యూబు మూత తెరిచినప్పుడు గాలిలోకి లేచే తుంపర ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. ఆ గదిలోనే రేపు కొత్త మరకను కత్తిరిస్తే, నిన్నటి నమూనా ఇవాళ్టి నమూనాలోకి దూరుతుంది. అందుకే ప్రపంచంలో ఏ ఫోరెన్సిక్ ల్యాబ్‌లోనైనా పీసీఆర్‌కు ముందు పని ఒక గదిలో, తర్వాత పని మరో గదిలో జరుగుతుంది. వేసుకునే ల్యాబ్ కోట్లు, పిపెట్లు, చెత్తబుట్టలు కూడా వేరు. మనుషులు ఒకే దిశలో నడుస్తారు. రెండో గదిలోకి వెళ్లినవాళ్లు ఆ రోజుకు మళ్లీ మొదటి గదిలో అడుగుపెట్టరు.

మన డిగ్రీ కాలేజీల ల్యాబ్ రూపురేఖలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒకే పొడవాటి హాలు, మధ్యలో గ్రానైట్ బల్లలు, పైన నాలుగు ఫ్యాన్లు, ఒక మూల సింకు. ఫ్యాన్ తిరిగినంతసేపు బల్ల మీది దుమ్ము, తుంపర అందరికీ సమానంగా పంచబడుతుంది. కొత్తగా ల్యాబ్ పెట్టేవారు ఈ హాలును అలాగే ఉంచి అందులో మెషిన్లు దించుతారు. తక్కువ ఖర్చుతో అయ్యే మొదటి పని ఆ హాలును అల్యూమినియం పార్టిషన్‌తో మూడుగా విడగొట్టడం: మరకల గది, పీసీఆర్ కలిపే చిన్న గది, ఫలితాలు చూసే గది. ఫ్యాన్లు తీసేసి ఏసీ పెట్టాలి. బల్లలను పది శాతం బ్లీచ్ ద్రావణంతో తుడవాలి, ఫిల్టర్ ఉన్న పిపెట్ టిప్పులే వాడాలి. టెండర్ పేపర్లలో మెరిసే పేర్లేవీ ఇందులో లేవు. కమిటీ సమావేశాల్లో దీని మీద చర్చ తక్కువగా జరగడానికి అదీ ఒక కారణం కావచ్చు.

శుభ్రత తప్పితే ఏమవుతుందో చెప్పడానికి జర్మనీ అనుభవాన్ని మించిన పాఠం లేదు. 2007లో హైల్‌బ్రాన్ నగరంలో ఒక మహిళా పోలీసు హత్య జరిగింది. అక్కడ దొరికిన డీఎన్ఏ ఒక అజ్ఞాత మహిళది. అదే డీఎన్ఏ దొంగతనాలు, హత్యలు కలిపి దాదాపు 40 ఘటనల్లో కనిపించింది. ఏళ్ల తరబడి వెతికారు. 2009లో తేలిందేమంటే, ఆ డీఎన్ఏ నమూనాలు తీసే దూది పుల్లలను తయారుచేసే ఫ్యాక్టరీలోని ఒక కార్మికురాలిది. పుల్లలు స్టెరిలైజ్ చేసినవే. స్టెరిలైజేషన్ క్రిములను చంపుతుంది తప్ప డీఎన్ఏను చెరిపేయదన్న సంగతే అందరూ మరిచారు. ఆ తర్వాత 2016లో ఇలాంటి సామగ్రికి ఐఎస్ఓ 18385 అనే ప్రత్యేక ప్రమాణం వచ్చింది.

బోధన ల్యాబ్‌లో ఈ పాఠాన్ని చేతితో నేర్పడం సులువు. ప్రతి బ్యాచ్‌లో నీళ్లు మాత్రమే ఉన్న ఒక ట్యూబును నెగటివ్ కంట్రోల్‌గా పెట్టి, చివర్లో అందులోనూ డీఎన్ఏ గీత కనిపిస్తే ఆ రోజు పనంతా రద్దు చేయించాలి. మార్కులు పోతాయని విద్యార్థికి టెన్షన్ ఉంటుంది. కంట్రోల్ చెడిందని రాసినవారికి మార్కులు వేసి, చెడినా దాచినవారికి సున్నా వేసే పద్ధతి పెడితే ఆ టెన్షన్ సరైన దిక్కుకు మళ్లుతుంది.

ఏ మెషిన్ ఏం నేర్పుతుంది

అసలు కేసుల ల్యాబ్‌లో కేంద్ర స్థానం జెనెటిక్ అనలైజర్‌ది. వెంట్రుక కంటే సన్నటి గాజు గొట్టంలో జెల్లీ లాంటి పాలిమర్ నింపి, దానిలో డీఎన్ఏ ముక్కలను కరెంటుతో పరుగెత్తిస్తుంది. ముక్కలకు రంగులు అంటించి ఉంటాయి. లేజర్ ముందు నుంచి వెళ్లేటప్పుడు అవి వెలిగి, తెర మీద శిఖరాలుగా కనిపిస్తాయి. పక్కనే తెలిసిన పొడవున్న ముక్కలు కొలబద్దలా పరుగెత్తుతాయి కాబట్టి, ఒక్క అక్షరం తేడా కూడా తెలుస్తుంది. దీని ధర కోటి రూపాయల స్థాయిలో ఉంటుంది. అంతకంటే ఇబ్బంది, పెట్టె తెరిచాక పాలిమర్, బఫర్, గొట్టాలు అన్నింటికీ గడువు మొదలవుతుంది. ఒక కేసుల ల్యాబ్ రోజూ నడుపుతుంది కాబట్టి గడువులోగా వాడేస్తుంది. సెమిస్టర్‌కు రెండు ప్రాక్టికల్స్ చేసే కాలేజీలో అవి వాడకుండానే పాడవుతాయి.

మామూలు జెల్ పెట్టె దీనికి పేద చుట్టం. అగరోజ్ పొడిని బఫర్‌లో మరిగించి, అచ్చులో పోసి, గట్టిపడ్డాక గుంటల్లో నమూనా వేసి, 100 వోల్టుల దగ్గర నడిపితే ముక్కలు పొడవును బట్టి విడిపోతాయి. మొదటిసారి జెల్ లోడ్ చేసే విద్యార్థిని పక్కన నిలబడి చూడాలి. నీలం రంగు చుక్క ఉన్న టిప్పు నీళ్లలోకి దిగుతుంది, చెయ్యి వణుకుతుంది, ఇంకో చేతి వేలితో టిప్పును ఆనించి పట్టుకుంటారు. గుంట అడుగును పొడిస్తే చుక్క కిందకు జారి పోతుంది. బటన్‌ను ఒక్కసారిగా వదిలేస్తే వేసిందంతా వెనక్కి వస్తుంది. ఐదారు జెల్‌లు పాడుచేస్తేగానీ చెయ్యి కుదరదు. జెనెటిక్ అనలైజర్ ముందు కూర్చున్నా పిపెట్ అదే, చెయ్యి అదే. ఒక మైక్రోలీటరు బదులు ఒకటిన్నర పడితే ఏ మెషిన్ కూడా దాన్ని సరిదిద్దదు.

జెల్ మీద మనిషి డీఎన్ఏ తేడా చూపడానికి ప్రపంచమంతా వాడే చోటు డీ1ఎస్80. ఇందులో 16 అక్షరాల మాట మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి తేడాలు కంటికి ఆనేంత పెద్దవి. అయినా ఒక్క పునరావృతం తేడా ఉన్న ఇద్దరు అగరోజ్ మీద ఒకేలా కనబడవచ్చు. బోధనకు ఈ లోపమే లాభం. "మ్యాచ్ అయింది" అన్న మాటకూ "తేడా కనిపించలేదు" అన్న మాటకూ మధ్య దూరం ఎంతో విద్యార్థికి కళ్లముందే తెలుస్తుంది. కోర్టులో సాక్ష్యం చెప్పేవారికి రోజూ పనికొచ్చే విచక్షణ ఇది.

కొవిడ్ కాలంలో ఆర్టీపీసీఆర్ అనే మాట ఊరూరా తెలిసింది. ఆ మెషిన్లు ఉన్నచోట డీఎన్ఏ ఫోరెన్సిక్స్ కూడా నడపవచ్చు కదా అన్న ఆలోచన సహజం. సగం నిజం. రియల్‌టైమ్ పీసీఆర్ ఒక నమూనాలో మనిషి డీఎన్ఏ ఎంత ఉందో చెప్పగలదు, అది పాడైందా లేదా అంచనా ఇవ్వగలదు. ఎవరిదో చెప్పదు. అయినా కాలేజీ దగ్గర ఇది అందుబాటులో ఉంటే కొలిచే మెట్టును బాగా నేర్పవచ్చు. ఇండిగో రంగున్న జీన్స్ గుడ్డ, పొలం మట్టి అంటిన గుడ్డ, మామూలు తెల్ల గుడ్డ మూడింటి మీదా ఒకే రక్తం వేసి పోల్చి చూస్తే, జీన్స్ రంగు, మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం పీసీఆర్‌ను ఎలా అడ్డుకుంటాయో గ్రాఫ్ మీదే కనిపిస్తుంది. వరి పొలాల గట్ల మీద దొరికే ఆధారాలతో పనిచేయాల్సిన జిల్లాలకు ఇంతకంటే దగ్గరి పాఠం ఉండదు.

జెనెటిక్ అనలైజర్ కొనకుండా దాని పాఠం చెప్పే దారి ఒకటుంది. మెషిన్ ఇచ్చే ముడి ఫైళ్లను కంప్యూటర్‌లో చూడవచ్చు, మెషిన్ పక్కన ఉండనక్కర్లేదు. అసలు శిఖరానికి ముందు వచ్చే చిన్న స్టటర్ శిఖరాన్ని గుర్తుపట్టడం, తక్కువ డీఎన్ఏ ఉన్నప్పుడు ఒక అల్లీల్ (జంట నంబర్లలో ఒకటి) మాయమవడం, ఇద్దరి మిశ్రమాన్ని విడదీయడం, ఎంత ఎత్తు దాటితే శిఖరంగా లెక్కించాలో తేల్చడం అన్నీ కంప్యూటర్ ల్యాబ్‌లో నేర్పవచ్చు. ఫోరెన్సిక్ నిపుణుల మధ్య భేదాభిప్రాయాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. వ్యక్తుల వివరాలు తీసేసిన శిక్షణ ఫైళ్లు, ఏడాదికి ఒకసారి పెద్ద ల్యాబ్‌కు వారం రోజుల యాత్ర, ఈ రెండూ కలిస్తే కోటి రూపాయల లోటు చాలావరకు తీరుతుంది.

ఉక్క, కరెంటు, టిప్పులు

కోస్తా గాలిలో తేమ ఎక్కువ. తడి మరకను ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది, బాక్టీరియా పెరిగి మరకలోని డీఎన్ఏను తినేస్తుంది. అందుకే నీడన ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలన్నది నియమం. వానాకాలంలో కళింగపట్నం, భావనపాడు లాంటి చోట్ల ఆరబెట్టడమే ఒక పని. గుడ్డ ముక్కల మీద ఒకే రక్తం వేసి, కొన్నింటిని ప్లాస్టిక్‌లో, కొన్నింటిని కాగితంలో పెట్టి, నెల రోజులు వదిలేసి చూసే ప్రయోగానికి మన వాతావరణమే ఉచితంగా దొరికిన పరికరం. చల్లని దేశపు పాఠ్యపుస్తకంలో ఈ ఫలితం ఇంత కొట్టొచ్చినట్టు రాదు.

ఎంజైమ్‌లు, ప్రైమర్లు మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఒక్క ఫ్రీజర్ కరిగితే ఏడాది బడ్జెట్ నీళ్లపాలు. కాబట్టి జనరేటర్‌కు కలిపిన ప్రత్యేక లైను, ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న లాగర్, రియేజెంట్లను రెండు చోట్ల పంచి ఉంచడం ల్యాబ్ డిజైన్‌లో భాగం కావాలి. పీసీఆర్ మెషిన్‌కు యూపీఎస్ లేకపోతే ఇరవయ్యో చక్రంలో కరెంటు పోయి ప్రాక్టికల్ అక్కడే ముగుస్తుంది.

డబ్బు విషయంలో ఇంకో చిక్కు ఉంది. మెషిన్ కొనడానికి గ్రాంటు ఒక్కసారి వస్తుంది. టిప్పులు, ట్యూబులు, కిట్లు, ఏఎంసీ (మెషిన్ నిర్వహణ ఒప్పందం) ఏటా కావాలి. వాటికి వేరే పద్దు ఉండదు. పిపెట్లను ఏటా క్యాలిబ్రేట్ చేయించాలన్న మాటకు పద్దు అసలే ఉండదు. ఫలితం, చాలా చోట్ల కనిపించే దృశ్యం: గుడ్డ కప్పిన మెషిన్, గోడకు దాని పేరు రాసిన బోర్డు. ప్రతిపాదన రాసేటప్పుడే మొదటి ఐదేళ్ల రియేజెంట్ల ఖర్చును మెషిన్ ధర పక్కనే చూపించడం దీనికి మందు. అలా రాస్తే చాలా ప్రతిపాదనల్లో మెషిన్ల జాబితా తనంతట తానే చిన్నదవుతుంది.

ఎవరి డీఎన్ఏ మీద నేర్పాలి?

అందరికీ తట్టే జవాబు, విద్యార్థుల సొంత బుగ్గల లోపలి కణాలు. ఇందులో చిక్కులున్నాయి. అన్నదమ్ములు ఒకే క్లాసులో ఉండవచ్చు. ఒక విద్యార్థి ఉత్సాహం కొద్దీ ఇంట్లోవారి నమూనా కూడా తెచ్చి పరీక్షిస్తే, తండ్రి నంబర్లు కలవకపోతే? 2012లో మాజీ గవర్నర్ ఎన్‌డీ తివారీ పితృత్వ కేసును టీవీల్లో చూసినవారికి ఆ నివేదిక ఒక కుటుంబంలో ఏం చేయగలదో తెలుసు. ఆ పరీక్ష జరిగింది హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీలోనే. డీఎన్ఏ వాడకంపై 2019లో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి కాలేజీ స్థాయిలో నైతిక కమిటీ అనుమతి, రాతపూర్వక అంగీకారం, పేర్లకు బదులు కోడ్ నంబర్లు, సెమిస్టర్ చివర నమూనాల ధ్వంసం లాంటి నియమాలు కాలేజీలే పెట్టుకోవాలి.

దీనికంటే తేలిక దారి చేపలది. చేప ముక్క నుంచి, జాతిని బట్టి మారే సీఓఐ జన్యువులోని సుమారు 650 అక్షరాల భాగాన్ని పీసీఆర్ చేసి, సీక్వెన్సింగ్‌కు (అక్షరాల వరస చదవడానికి) బయటికి పంపి, వచ్చిన అక్షరాల వరసను అంతర్జాతీయ డేటాబేస్‌తో పోలిస్తే జాతి తెలుస్తుంది. బజారులో ఒక పేరుతో అమ్మింది నిజంగా అదేనా అన్నది క్లాసుకు మంచి ప్రశ్న. వన్యప్రాణుల కేసుల్లో ఇదే పద్ధతి పనికొస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఏ జంతువు మాంసమైనా గుర్తించే యూనివర్సల్ ప్రైమర్లను సైటోక్రోమ్ బీ జన్యువు ఆధారంగా రూపొందించారు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం, అటవీ శాఖ కేసులు ఉండే మన్యం పక్కనే ఉన్న కాలేజీలకు ఇది ఉత్తుత్తి ప్రాక్టికల్‌గా మిగలదు.

మనిషి డీఎన్ఏ లెక్కలు నేర్పడానికి అసలు ల్యాబే అక్కర్లేదు. మూడు చోట్ల ఒక్కోటి పదిమందిలో ఒకరికి ఉంటే, మూడూ కలిసి వెయ్యిలో ఒకరికి అని గుణిస్తాం. ఆ గుణకారం వెనుక ఒక ఊహ ఉంది: జనం కలగలిసి పెళ్లిళ్లు చేసుకుంటారని. మేనరికాలు, ఒకే కులంలో సంబంధాలు, సవర, జాతాపు లాంటి చిన్న గిరిజన సమూహాలు ఉన్నచోట ఆ ఊహ కాస్త సడలుతుంది. అందుకే తీటా అనే సవరణ చేరుస్తారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1996లో మామూలు జనాభాకు 0.01, విడిగా ఉండే చిన్న సమూహాలకు 0.03 సూచించింది. మేనమామ కూతుర్ని చేసుకున్న ఇంట్లో నంబర్లు ఎలా కలుస్తాయో బోర్డు మీద వంశవృక్షం గీసి లెక్కకట్టిస్తే, ఈ ప్రాంతపు విద్యార్థికి ఫార్ములా కంటే ముందు అర్థం వస్తుంది.

ఎక్కడ ఎక్కువ ఫలితం ఉంటుంది

2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగ రైలు ప్రమాదం తర్వాత ముఖం పోల్చలేని మృతదేహాలను బంధువుల రక్తంతో సరిపోల్చాల్సి వచ్చింది. 2025 జూన్ 12న అహ్మదాబాద్ విమాన ప్రమాదంలోనూ అదే. ఇలాంటప్పుడు పెద్ద ల్యాబ్ మెషిన్ల కంటే ముందు కావాల్సింది, బంధువుల నుంచి సరైన ట్యూబులో రక్తం తీసి, సరైన లేబుల్ వేసే మనుషులు. ఈడీటీఏ ఉన్న ఊదారంగు మూత ట్యూబు వాడాలి. హెపారిన్ ట్యూబులో తీస్తే అది పీసీఆర్‌నే అడ్డుకుంటుంది. ఫార్మలిన్‌లో వేసిన కణజాలం డీఎన్ఏకు శత్రువు. కాలిన దేహం నుంచి పన్ను, తొడ ఎముక తీసుకోవాలి. ఇవి తెలిసిన వందమంది రెండు జిల్లాల్లో ఉంటే, ల్యాబ్‌కు చేరే నమూనాల నాణ్యత మారుతుంది.

సాధారణ కేసుల్లోనూ అంతే. ఈ కోర్సుల నుంచి వచ్చేవారిలో డీఎన్ఏ మెషిన్ ముందు కూర్చునేవారు కొద్దిమందే. క్లూస్ టీముల్లో, ఆసుపత్రి ల్యాబ్‌ల్లో, ప్రైవేటు డయాగ్నస్టిక్స్‌లో, కొందరు లాయర్ల దగ్గర నివేదికలు చదివిపెట్టే పనిలో ఉంటారు. వారందరికీ ఉమ్మడిగా కావాల్సింది నమూనా చేతులు మారే పద్ధతి. అందుకే బోధన ల్యాబ్‌లో ఒక గదిని ఉత్తుత్తి ఘటనా స్థలంగా ఉంచి, అక్కడికి పోలీసు శిక్షణ కళాశాల నుంచి వచ్చినవారిని, లా విద్యార్థులను, సైన్స్ విద్యార్థులను కలిపి దించడం అర్థవంతంగా ఉంటుంది. ఒకరు వీడియో తీస్తారు, ఒకరు దూది పుల్లతో మరక తీస్తారు, ఒకరు కవరు మీద సమయం రాసి సీలు వేస్తారు. మూడు వారాల తర్వాత లా విద్యార్థి ఆ కవరు చేతిలో పట్టుకుని అడగాల్సిన ప్రశ్నలు మూడే: ఇది ఎవరు తెరిచారు, ఎప్పుడు తెరిచారు, మధ్యలో ఎక్కడ ఉంది? రిజిస్టర్ చూడకుండా జవాబు చెప్పబోయిన బ్యాచ్, తమ జెల్ మీద గీతలు ఎంత చక్కగా వచ్చినా, ఆ ప్రాక్టికల్ మళ్లీ చేయాలి.